యంత్రం వస్తోంది సరే, ఆరు నెలల ఖర్చు ఎక్కడ?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపూర్. పదిహేనేళ్లుగా తలుపులు, కిటికీలు, పూజా మందిరాలు చేసే కార్ఖానా నడుపుతున్నాను. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు బల్ల ఉన్న సీఎన్‌సీ రౌటర్‌కు (కంప్యూటర్ సాయంతో కలపను కోసే, చెక్కే యంత్రం) అహ్మదాబాద్‌లో ఆర్డరిచ్చాను. ధర రూ.6.50 లక్షలు, జీఎస్టీతో కలిపి రూ.7.67 లక్షలు. ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి రూ.2.67 లక్షలు అడ్వాన్సు కట్టాను. మిగతా రూ.5 లక్షలు కడితే జూన్ నెలాఖరుకు యంత్రం చేరుస్తామంటున్నారు. తెలిసిన వ్యాపారి రూ.3 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. మిగతా రూ.2 లక్షలకు నా భార్య నగలు కుదువ పెడదామనుకుంటున్నాను. బిగింపు దగ్గర వచ్చే చిన్న చిన్న ఖర్చులు అప్పటికప్పుడు చూసుకుంటాను. జీఎస్టీ ఎలాగూ తిరిగి వస్తుంది. ఇంటి ఖర్చు నెలకు రూ.26 వేలు. కార్ఖానా అద్దె, కరెంటు, ఇద్దరు పనివారి జీతాలు కలిపి రూ.38 వేలు. వ్యాపారి అప్పు మంచిదా, లేక ఎల్‌ఐసీ పాలసీ మీద తీసుకోవాలా?

జవాబు: ఏ అప్పు మంచిదని అడిగారు. అంతకంటే ముందు చూడవలసిన విషయం మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటిపోయింది: ‘ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి’. అది మీ ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఆసరా. యంత్రం గుణుపూర్ చేరకముందే అది ఖర్చయిపోయింది. చిన్న కార్ఖానాలు నడిపేవారు నాకు రాసే ఉత్తరాల్లో పదేపదే కనిపించే పొరపాటు ఇదే. యంత్రం ధర పైసలతో సహా లెక్క వేస్తారు. అది దిగిన రోజు నుంచి సంపాదించడం మొదలుపెట్టే రోజు దాకా ఇల్లు ఎలా గడుస్తుందో లెక్క వేయరు.

ఆ మధ్యకాలం ఎంతో ఒకసారి ఊహించండి. లారీ వస్తుంది. టన్ను బరువుండే యంత్రాన్ని దించడానికి క్రేన్ పిలవాలి. త్రీఫేజ్ కనెక్షన్ లేకపోయినా, ఉన్న లోడు చాలకపోయినా విద్యుత్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి, డిపాజిట్ కట్టాలి. ఎర్తింగ్ గుంట తవ్వించాలి. మీ వైపు వోల్టేజీ నిలకడగా ఉండదు కాబట్టి స్టెబిలైజర్ తప్పదు. పొట్టు పీల్చే డస్ట్ కలెక్టర్ ఆ ధరలో ఉందో లేదో మీరు రాయలేదు. కంపెనీ ఇంజనీరు వచ్చి బిగించి వెళ్లాక కూడా డిజైన్ గీయడం, ఏ కలపకు ఎంత వేగం పెట్టాలో తెలుసుకోవడం మీకు కొత్తే. ఈలోగా కలపను కోసే బిట్లు విరుగుతాయి, ప్లైవుడ్ షీట్లు పాడవుతాయి. మీరు చిన్న చిన్న ఖర్చులన్నవి ఇవే. నా అంచనాలో అన్నీ కలిసి లక్షకు తగ్గవు. పైగా యంత్రం వచ్చే జూన్ నెలాఖరంటే ఆషాఢం ముంగిట. గృహప్రవేశాలు ఉండవు, తలుపుల ఆర్డర్లు పలచబడతాయి. ఆ వెంటే వానలు.

ఇక ఆ మూడు రూపాయల వడ్డీ. ఏడాదికి 36 శాతం. రూ.3 లక్షలకు నెలకు రూ.9,000 ఒట్టి వడ్డీయే. అసలులో ఒక్క రూపాయి తగ్గదు. నగల మీద నూటికి రూపాయి లెక్కన చూసినా మరో రూ.2,000. అంటే నెలకు రూ.11,000 కడుతూనే ఉంటారు, ఏడాది తర్వాత కూడా ఆ రూ.5 లక్షల అప్పు అలాగే నిలబడి ఉంటుంది. అదే రూ.5 లక్షలు బ్యాంకులో 11 శాతానికి ఐదేళ్ల టర్మ్ లోన్‌గా తీసుకుంటే వాయిదా సుమారు రూ.10,870. నెలకు కట్టేది దాదాపు అంతే, కానీ ఐదేళ్లకు అప్పు పూర్తిగా తీరిపోతుంది. తెలిసినవారు అడిగిన వెంటనే ఇస్తున్నారన్న ఒక్క కారణంతో ఇంత నష్టం నెత్తికెత్తుకోవద్దు. ఆ వ్యాపారికి ఈ రోజే వద్దని చెప్పేయండి.

బ్యాంకు దగ్గర మీకు ఒక బలం ఉంది. మీరు కట్టిన అడ్వాన్సు యంత్రం ధరలో మూడో వంతుకు పైనే. సాధారణంగా బ్యాంకులు అడిగే మార్జిన్ (కొనేవారు సొంతంగా పెట్టవలసిన వాటా) కంటే అది ఎక్కువ. ఉద్యమ్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ పరిశ్రమను ఇంత చిన్న రుణానికి తనఖా అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కొనే యంత్రమే హామీగా ఉంటుంది. మొదటి మూడు నెలలు వాయిదా లేకుండా మారటోరియం కూడా అడగండి. అయితే ఇదంతా సొమ్ము చెల్లించకముందే జరగాలి. బ్యాంకు ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (అమ్మకానికి ముందు ఇచ్చే ధర పత్రం) చూసి అమ్మకందారుకే నేరుగా చెల్లిస్తుంది. మీరు బయట అప్పు తెచ్చి మొత్తం కట్టేశాక వెళితే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

ఎల్‌ఐసీ పాలసీ జోలికి వెళ్లకండి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మొదటి రుణం కొత్త యూనిట్లకే. విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు తొలి విడత రూ.1 లక్షే, దానికోసం ఆగనవసరం లేదు. జీఎస్టీ విషయానికి వస్తే, మీరు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఆ రూ.1.17 లక్షల్లో రూపాయి కూడా రాదు. మామూలు నమోదులో ఉన్నా మీరు కట్టవలసిన పన్నులో నెలనెలా కొంత చెల్లవుతుందే తప్ప నగదుగా చేతికి రాదు.

అసలు విషయానికి వస్తాను. ఇంటికి ఆరు నెలల ఖర్చు రూ.1.56 లక్షలు, కార్ఖానాకు మూడు నెలల ఖర్చు రూ.1.14 లక్షలు. రెండూ కలిపి రూ.2.70 లక్షలు. ఇది యంత్రానికి సంబంధం లేని వేరే ఖాతాలో ఉండాలి. ఒక్కసారిగా సమకూరదని తెలుసు. అందుకే డెలివరీని దసరాకు కాస్త ముందు దాకా వాయిదా వేయమని అమ్మకందారును అడగండి. అడ్వాన్సు తీసుకున్నవారు తేదీ మార్చడానికి చాలావరకు ఒప్పుకుంటారు. ఈ నెలల్లో పాత పద్ధతిలోనే పని చేస్తూ, రావలసిన బాకీలు వసూలు చేసి, వచ్చిన ప్రతి రూపాయీ ఆ ఖాతాలో వేయండి. ఇంటి వాటా రూ.1.56 లక్షలు నిండేదాకా లారీ కదలనివ్వకండి. కార్ఖానా వాటా ఆ తర్వాత మూడు నాలుగు నెలల్లో పూర్తి చేయవచ్చు. నగలు ఇంట్లోనే ఉంచండి. నిజంగా ఆపద వస్తే అవి రెండో ఆసరా.

చెల్లింపు షరతు కూడా మార్చమనండి. లారీ ఎక్కించే ముందు మొత్తం కట్టకుండా కనీసం పది శాతం బిగింపు పూర్తయ్యాక ఇస్తానని రాతలో పెట్టించుకోండి. లారీ వచ్చినప్పుడు పెట్టె ఎక్కడైనా పగిలినట్టు కనిపిస్తే ఫొటోలు తీసి, లారీ రసీదు మీద ఆ మాట రాశాకే సంతకం పెట్టండి. ఇంజనీరు లేకుండా పెట్టె విప్పకండి. ఆయన బిగించాక ఒక ప్లైవుడ్ షీటు మీద పెద్ద చదరం కోయించి, మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ కలవకపోతే గాంట్రీ (కోసే భాగాన్ని మోసే అడ్డదూలం) మూలమట్టానికి లేనట్టే. అది సరిచేశాకే ఆ పది శాతం ఇవ్వండి.

బీమా లేకుండా యంత్రాన్ని ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి, రాయగడ జిల్లాలను ఎలా ముంచిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. రవాణా బీమా ఎవరి పేరిట ఉందో ముందే అడగండి. దిగిన రోజు నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష పాలసీ ఉంటే అగ్ని, తుఫాను, వరద నష్టాలకు రక్షణ ఉంటుంది. మీది అద్దె షెడ్డు, యజమాని పాలసీ మీ యంత్రానికి వర్తించదు. వోల్టేజీ పెరిగి డ్రైవ్ (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పరికరం) కాలిపోతే మాత్రం ఈ పాలసీ కింద పరిహారం రాదు. దానికి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ విడిగా తీసుకోవాలి.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ప్రొఫార్మా ఇన్‌వాయిస్, అడ్వాన్సు రసీదు, ఉద్యమ్ ధ్రువపత్రం, ఆదాయపు పన్ను రిటర్నులు, ఏడాది ఖాతా స్టేట్‌మెంటు, చేతిలో ఉన్న ఆర్డర్ల జాబితా తీసుకెళ్లండి. రుణం మంజూరు పత్రం చేతికి వచ్చాకే అమ్మకందారుకు డెలివరీ తేదీ ఖాయం చేయండి.