జ్ఞానదంతం నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవచ్చా?

పరాయి దేశానికి కొత్తగా వచ్చిన మన పిల్లలు నన్ను అడిగే సందేహాల్లో పంటినొప్పి తరచుగా ఉంటుంది. అందులో ఆశ్చర్యం లేదు. చదువుకో ఉద్యోగానికో ఇల్లు విడిచే వయసూ జ్ఞానదంతాలు పైకి వచ్చే వయసూ దాదాపు ఒకటే, 17 నుంచి 25 ఏళ్ల మధ్య. మొన్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: "కింది దవడ చివర వాచి నాలుగు రోజులు నోరు సరిగా తెరవలేకపోయాను. ఇప్పుడు తగ్గింది. ఆరు నెలల్లో సెలవుకి ఇంటికి వెళ్తాను, అక్కడే చూపించుకుంటే సరిపోతుంది కదా?"

సరిపోదమ్మా. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వచ్చిన కొత్తలో నాకూ ఇలాగే మూడుసార్లు వచ్చి తగ్గింది. ప్రతిసారీ నొప్పి మాత్రలతో గడిపి, తగ్గగానే మరిచిపోయాను. చివరికి ఎక్స్‌రే తీస్తే జ్ఞానదంతం ముందుకు వాలి పక్కపంటిని ఆనుకుని ఉంది. ఆ ఇరుకులో పక్కపన్ను వేరుదాకా పుచ్చిపోయింది. రెండూ తీసేయాల్సి వచ్చింది. జ్ఞానదంతం పోయినందుకు నాకు చింత లేదు, అవి అసలు రాని వాళ్లూ ఎందరో ఉన్నారు. రోజూ నమలడానికి పనికివచ్చే ఆ రెండో పన్ను పోయిందే, ఆ బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

నొప్పి వచ్చి పోవడం వెనుక సంగతి ఇదీ. సగమే పైకి వచ్చిన పంటి మీద చిగురు మూతలా మిగిలిపోతుంది. ఆ మూత కింద తిండి తునకలూ క్రిములూ చేరతాయి, బ్రష్షు అక్కడికి అందదు. చిగురు వాస్తుంది, వాచిన చోట పై పన్ను తగిలి ఇంకా నలుగుతుంది. డాక్టర్లు దీన్ని పెరికొరొనైటిస్ అంటారు. వాపు దిగినా మూత అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. చెవిలోకి లాగే నొప్పి, మింగేటప్పుడు బాధ, నోట్లో చెడు రుచి, దుర్వాసన, చిగురు నొక్కితే చీము రావడం, ఇవన్నీ దాని గుర్తులే. ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా వేసుకోకండి. పంటి స్థితి మాత్రలతో మారదు.

అసలు నొప్పే లేకుండా జరిగే నష్టం ఇంకా ప్రమాదకరం. పక్కపన్ను పుచ్చడం, దాని వెనుక ఎముక తరగడం, ఎముకలో ఉండిపోయిన పంటి చుట్టూ నీటితిత్తి పెరగడం, ఇవి చాలాకాలం ఏ బాధా పెట్టకపోవచ్చు. అందుకే రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే ఒక్కసారైనా తీయించుకోమంటాను.

అలాగని జ్ఞానదంతం ఉన్న ప్రతివారూ తీయించుకోవాలని కాదు. తిన్నగా వచ్చి, బాగా శుభ్రం చేసుకోగలిగే పంటిని ముట్టుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో ఏ చికిత్స ఎప్పుడు చేయాలో డాక్టర్లకు సూచించే నైస్ సంస్థ 2000లో ఇచ్చిన మార్గదర్శకం జబ్బు లేని జ్ఞానదంతాన్ని తీయవద్దనే చెప్పింది. చిగురువాపు మొదటిసారి తీవ్రంగా వచ్చినా, రెండోసారి వచ్చినా తీయడం గురించి ఆలోచించాలంది. అమెరికాలో ముందుజాగ్రత్తగా చిన్న వయసులోనే తీయించమనే డాక్టర్లు చాలామంది ఉన్నారు. వేర్లు పూర్తిగా పెరగకముందు తీయడం సులువు, గాయమూ త్వరగా మానుతుంది, కాబట్టి వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఒక దేశంలో తీయమన్నదాన్ని మరో దేశంలో వద్దంటే ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోకండి. మీ ఎక్స్‌రేలో ఏ చెడు కనిపించిందో చూపించమని అడగండి. కింది పంటి వేర్లకు దగ్గరగా పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఉంటుంది, అది ఎంత దూరంలో ఉందో కూడా అడగండి. ముందు పళ్లు వంకరపోకుండా ఉండడానికి అన్నదొక్కటే కారణంగా చెబితే మాత్రం మరో డాక్టరును కలవండి. జ్ఞానదంతాలు తీసినంత మాత్రాన అది ఆగుతుందని రుజువు కాలేదు.

బీమా కాగితాలు ఈ రోజే తీసి చూడండి. చాలాచోట్ల వైద్య బీమాలో పళ్లు కలవవు, దంత బీమా వేరు. పెద్ద చికిత్సలకు కొన్ని నెలలు ఆగాలనే షరతు కూడా ఉండవచ్చు. నొప్పి మొదలయ్యాక తెలుసుకుంటే ఆలస్యమవుతుంది.

వాపు మెడలోకి దిగినా, నాలుక కింద వాచినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం చూడవద్దు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఒక్కరే ఉంటే పక్కగదివాళ్లను లేపండి, మొహమాటపడకండి.

ఇక సెలవు సంగతి. ఎక్స్‌రే చూసి డాక్టరు తొందర లేదంటే ఇంటి దగ్గర తీయించుకోవచ్చు, కాని వెళ్లిన మొదటి వారంలోనే. పన్ను తీశాక వాపు రెండు మూడు రోజులు పెరిగి ఆ తరవాత దిగుతుంది. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడితే మూడు నుంచి అయిదు రోజుల్లో విపరీతమైన నొప్పి మొదలవుతుంది. అప్పుడు తీసిన డాక్టరే దగ్గర ఉండాలి, మీరు విమానంలో ఉండకూడదు. పొగతాగేవారికి ఈ ముప్పు ఎక్కువ. ఎక్స్‌రే ఈ వారమే తీయించి, నకలు ఫోనులో దాచుకో తల్లీ.