మామత్ లేక్స్ అగ్నిపర్వత ప్రాంతానికి కుక్కతో కారు ప్రయాణం: ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: జులైలో మూడు రోజులు, కాలిఫోర్నియాలోని బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) నుంచి టయోగా పాస్ అనే కొండ కనుమ మీదుగా మోనో లేక్, మామత్ లేక్స్ వెళ్లిరావాలి. 28 కిలోల లాబ్రడార్ వెంట ఉంటుంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఎక్కడ ఆగినా కుక్క ముక్కు ఎత్తులో ఏముందో చూడండి. ఆ ప్రాంతంలో చాలా ప్రమాదాలు నేలను అంటిపెట్టుకునే ఉంటాయి.

ముఖ్యంగా మామత్ లేక్స్‌లోని హార్స్‌షూ లేక్ అనే చెరువు దగ్గర. అక్కడ 100 ఎకరాలకు పైగా చెట్లు మోడుబారి కనిపిస్తాయి. 1989 నాటి వరుస భూప్రకంపనల తర్వాత మామత్ పర్వతం అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ మట్టిలోకి ఊరుతోంది. వేళ్లకు ఊపిరాడక చెట్లు చచ్చిపోయాయి. రంగూ వాసనా లేని ఈ వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి గుంతల్లో నిలిచిపోతుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గర 'కుక్క గుహ' అని ఒకటుంది. ఒకప్పుడు కుక్కను లోపలికి తీసుకెళ్లి, అది సొమ్మసిల్లడం యాత్రికులకు చూపించేవాళ్లు. పక్కనే నిలబడ్డ మనిషికి మాత్రం ఏమీ అయ్యేది కాదు. పాపం, ఆ మూగజీవి చేసిన నేరం పొట్టిగా ఉండటమే.

కాబట్టి మోడుల మధ్య లీష్ (మెడతాడు) వదలకండి, ఇసుక తవ్వనివ్వకండి, చాప పరిచి పడుకోకండి. లాబ్రడార్లకు తవ్వడం సరదా, అక్కడ ఆ సరదా పనికిరాదు. చెట్ల మొదళ్ల చుట్టూ కరగని మంచు ఉంటే ఆ గుంతల దగ్గరకు పోనివ్వకండి. కుక్క తూలినా, గసపెట్టినా హార్నెస్ (ఛాతీ పట్టీ) పట్టి పైకెత్తి, వెంటనే గాలి ఆడే ఎత్తైన చోటికి తీసుకెళ్లండి. అక్కడే వంగి పరీక్షిస్తూ కూర్చుంటే మీకూ ముప్పే.

మామత్ లేక్స్ దగ్గరి హాట్ క్రీక్ అనే వాగులో పైకి చల్లగా కనిపించే నీటి కింద మరిగే ఊటలున్నాయి. 2006 నుంచి మనుషులనే దిగనివ్వడం లేదు. అక్కడ ఆరడుగుల పొట్టి లీష్ వాడండి. సాగే లీష్ కారులోనే ఉంచేయండి.

మోనో లేక్ నీరు సముద్రం కంటే రెండు రెట్లకు పైగా ఉప్పు, పీహెచ్ 10 దగ్గర, అంటే బాగా క్షారం. తాగనివ్వకండి. ఒళ్లు తడిస్తే మంచినీళ్లతో కడగండి, లేకపోతే తర్వాత నాకి వాంతి చేసుకుంటుంది. పక్కనున్న పానమ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం సుమారు 650 ఏళ్ల కిందటిది. దారంతా ప్యూమిస్ (తేలికైన బెజ్జాల అగ్నిపర్వత రాయి) రవ్వ, మధ్యలో అబ్సిడియన్, అంటే నల్ల గాజురాయి. బూట్లు లేకుండా తీసుకెళ్లొద్దు. బూట్ల కొలత కుక్క నిలబడి కాలిమీద బరువు వేసినప్పుడే తీయాలి, అప్పుడు పంజా విచ్చుకుంటుంది. బయల్దేరే ముందు వారం రోజులు ఇంట్లో పది నిమిషాల చొప్పున తొడగండి. కొండమీద అరగంటకోసారి విప్పి దులపండి. లోపల చేరిన రవ్వ ఉప్పుకాగితంలా చర్మాన్ని గీకేస్తుంది.

కాలి మెత్త తెగితే సెలైన్‌తో కడిగి, అంటుకోని ప్యాడ్ పెట్టి, పదినిమిషాలు నొక్కి పట్టి, దానికదే అతుక్కునే బ్యాండేజీ చుట్టండి. వేళ్లు ఉబ్బితే కట్టు బిగిసిందని అర్థం. మనం వేసుకునే ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. దారికోసం కట్టుకున్న దద్దోజనంలో కిస్మిస్, ఉల్లిపాయ ఉంటే అదీ దూరంగానే పెట్టండి. రెండూ కుక్కలకు విషం.

నీళ్లు మామూలుగా కిలోకు రోజుకు 60 మి.లీ. లెక్కన మీ కుక్కకు 1.7 లీటర్లు కావాలి. ఎండలో నడిపితే రెట్టింపు, కాబట్టి రోజుకు మూడున్నర లీటర్లు కారులో ఉండాలి. కొండమీద చల్లగా ఉందని కారులో వదిలి వెళ్లకండి. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా అరగంటలో లోపల 104కు చేరుతుంది.

టయోగా రోడ్డు వెళ్లే యోసమిటీ నేషనల్ పార్కులో కుక్కలకు చాలా కాలిబాటల్లో ప్రవేశం లేదు, ప్రధానంగా తారురోడ్లు, క్యాంప్‌గ్రౌండ్లే. అందుకని టయోగా రోడ్డులో ఎక్కువ ఆగకుండా దాటేసి, ఆ సమయం మామత్ లేక్స్ దగ్గర రాతి స్తంభాలుండే డెవిల్స్ పోస్ట్‌పైల్‌కు ఇవ్వండి. అక్కడ లీష్‌తో నడిపించవచ్చు. షటిల్ బస్సు ఎక్కితే మూతికి మజిల్ (నోటి తొడుగు) తప్పనిసరి. గుడ్డది కాకుండా బుట్టలాంటిది కొనండి, నోరు తెరిచి రొప్పగలగాలి.

టయోగా రోడ్డులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మామత్ లేక్స్, బిషప్‌లలోని పశువైద్యుల నంబర్లు, వారాంతంలో ఎవరు తెరిచి ఉంటారో ఇంటిదగ్గరే ఫోన్ చేసి కనుక్కుని కాగితం మీద రాసుకోండి.