పార్థెనాన్‌కు ముందు గ్రీకులు ఏం కట్టారు, ఏం చెక్కారు?

మీరు అడిగింది ఇది: గ్రీకు కళ అనగానే పార్థెనాన్ (ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ మీది పాలరాతి గుడి) ఫోటోలే కనిపిస్తాయి, అంతకు ముందు ఏముంది, ఒక్కసారిగా అంత గొప్పగా ఎలా కట్టారు, గ్రీస్ వెళ్తే ఆ తొలి దశ ఎక్కడ చూడొచ్చు అని.

ఒక్కసారిగా కట్టలేదండీ. పార్థెనాన్ పని మొదలైంది క్రీ.పూ. 447లో. దాని వెనక కనీసం మూడు వందల ఏళ్ల కసరత్తు ఉంది. నేను సివిల్ ఇంజనీర్‌ని, కళాచరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. కాకపోతే ఎక్కడికి వెళ్లినా మ్యూజియం వదలను. అలా చూడగా చూడగా నాకు అర్థమైందేమిటంటే, గ్రీకులకు కొత్త కొత్త రూపాల మీద పెద్ద మోజు లేదు. అదే గుడి, అదే నిలువెత్తు కుర్రాడి విగ్రహం, అదే కుండ. తరాల తరబడి మళ్లీ మళ్లీ చేస్తూ, చేసినప్పుడల్లా ఎక్కడో ఒకచోట కొంచెం మార్చారు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఒలింపియాలో హేరా దేవత గుడికి వెళ్లండి. ఒలింపిక్ జ్యోతిని వెలిగించేది ఆ శిథిలాల దగ్గరే. జనం ఆ ఫోటో తీసుకుని వెళ్లిపోతుంటారు. నేను మాత్రం స్తంభాల దగ్గరే ఇరుక్కుపోయాను. ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి ఏకశిల, పక్కది ముక్కలు పేర్చింది. పైనుండే దిమ్మెలు కూడా ఒక దానిలా ఒకటి లేవు. మన సైట్లో ఇలా కడితే బిల్లు పాసవదు! కారణం తెలిశాక మతిపోయింది. సుమారు క్రీ.పూ. 600లో ఈ గుడి కట్టినప్పుడు స్తంభాలన్నీ చెక్కవే. ఏదైనా పాడైనప్పుడు దాని స్థానంలో, ఆ కాలపు పద్ధతిలో చెక్కిన రాతి స్తంభం నిలబెట్టారు. అలా శతాబ్దాల పాటు సాగింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో వచ్చిన పౌసానియస్ అనే యాత్రికుడు, వెనక గదిలో ఇంకా ఒక ఓక్ చెక్క స్తంభం ఉందని రాసుకున్నాడు. గోడలు కింద రాయి, పైన పచ్చి ఇటుక. ఆ ఇటుకలు కరిగి మట్టయిపోయి, లోపల పడిన హెర్మెస్ అనే దేవుడి పాలరాతి విగ్రహాన్ని కప్పేశాయి. 1877లో తవ్వితే బయటపడింది.

ఇక్కడ పైకప్పు సంగతి కూడా చెప్పాలి. తొలి గుళ్లకు గడ్డి కప్పు ఉండేది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో కొరింత్ ప్రాంతంలో కాల్చిన మట్టి పెంకులు వచ్చాయి. పెంకులు మోయాలంటే మామూలు మట్టిగోడలు చాలవు. రాయి వైపు మళ్లడానికి అందం ఎంత కారణమో, ఈ బరువూ అంతే కారణమని నా లెక్క.

డోరిక్ అనే గ్రీకు శైలిలో కట్టిన గుడిలో స్తంభాల పైన, మూడు నిలువు పట్టీలతో వరసగా కనిపించే పలకల్ని ట్రైగ్లిఫ్‌లు అంటారు. అవి ఒకప్పటి చెక్క దూలాల కొసలకు రాతి నకలని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పాడు. పండితులందరూ ఒప్పుకోరు గానీ నాకు నమ్మబుద్ధేస్తుంది. మన ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచిన గుండ్రటి చైత్యం చూశారా? కప్పు లోపల వాసాలు చెక్కారు. రాతి కొండకు వాసాలెందుకు? వడ్రంగి అలవాటు, అంతే.

ఇక విగ్రహాలు. నిలబడిన నగ్న యువకుడి విగ్రహాన్ని కూరోస్ అంటారు. న్యూయార్క్ మెట్ (మెట్రోపాలిటన్) మ్యూజియంలో ఉన్నది సుమారు క్రీ.పూ. 590 నాటిది. అక్కడ ప్రవేశ హాలుకు ఒకపక్క ఈజిప్టు గదులు, రెండోపక్క గ్రీకు గదులు. మొదట ఈజిప్టు వైపు వెళ్లి, వెంటనే ఇటు రండి. అదే ఎడమకాలు ముందుకు, అవే బిగించిన పిడికిళ్లు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో గ్రీకు కిరాయి సైనికులు, వ్యాపారులు ఈజిప్టులో మసలుతున్నారు, కాబట్టి వింతేం లేదు. అయితే గ్రీకు శిల్పి వీపు వెనక ఆనించే రాతి దిమ్మె తీసేశాడు, చేతులకూ ఒంటికీ మధ్య రాయి తొలిచేశాడు, బట్ట కట్టలేదు. బొమ్మ తన కాళ్ల మీద తనే నిలబడాలి. స్ట్రక్చర్ పరంగా ఇది చాలా పెద్ద ధైర్యం.

ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో క్రోయ్‌సోస్ అనే యోధుడి సమాధి మీద నిలిపిన కూరోస్ ఉంది, సుమారు క్రీ.పూ. 530. భంగిమ మారలేదు. కానీ న్యూయార్క్ విగ్రహంలో గీతలుగా గీసిన కండలు ఇక్కడ నిజంగా ఉబ్బుతాయి. ఆ తర్వాత అక్రోపోలిస్ మ్యూజియంలో, క్రిటియోస్ అనే శిల్పి పేరుతో పిలిచే కుర్రాడి విగ్రహం, సుమారు క్రీ.పూ. 480. బరువంతా ఒక కాలి మీద వేసి, రెండోది వదులు చేసి, నడుము కొంచెం వాల్చి నిలబడ్డాడు. పాత విగ్రహాల చిరునవ్వు కూడా పోయింది. ఆ ఒక్క వాలు కోసం వందేళ్లకు పైనే పట్టింది.

కుండల గురించి క్లుప్తంగా. డిపిలోన్ ఆంఫోరా అని ఒకటిన్నర మీటరు పైగా ఎత్తున్న సమాధి జాడీ కూడా ఏథెన్స్ జాతీయ మ్యూజియంలోనే ఉంది, క్రీ.పూ. 8వ శతాబ్దం మధ్యది. ఒళ్లంతా మెలికల గీతలు, మధ్యలో శవం చుట్టూ ఏడుస్తున్న త్రికోణపు మనుషులు. తర్వాతి కాలపు కుండల మీద కనిపించే నలుపు పెయింట్ కాదు, మెత్తటి బంకమట్టి పూతే. కుమ్మరి ఆవంలోకి గాలి వదిలి, మూసి, మళ్లీ వదిలితే పూత నల్లగా మిగులుతుంది, కుండ ఎర్రబడుతుంది.

టైమ్ తక్కువుంటే ఏథెన్స్ జాతీయ మ్యూజియంతో మొదలుపెట్టి, అక్రోపోలిస్ కొండ చివరికి ఉంచుకోండి. ఏథెన్స్ నుంచి ఒలింపియా సుమారు 300 కిలోమీటర్లు, ఒక్కరోజులో పోయి రావడం అలసట, రాత్రి అక్కడే ఉండండి. దారిలో పాత కొరింత్‌లో ఆగితే అపోలో గుడివి 7 ఏకశిలా స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఎండాకాలమైతే అక్కడ నీడ తక్కువ, టోపీ, నీళ్ల సీసా మర్చిపోకండి.