పక్క బండి కదిలితే మన బండే కదిలినట్టు ఎందుకు అనిపిస్తుంది?

ఆగి ఉన్న రైల్లో కూర్చున్నప్పుడు పక్క రైలు కదిలితే మనదే కదిలినట్టు అనిపిస్తుంది, దీనికి సైకాలజీలో పేరుందా, ఇలాంటి పదాలు ఇంకేమున్నాయి అని అడిగారు.

పేరుంది, ప్రేరిత చలనం. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇండ్యూస్డ్ మోషన్ అని ఉంటుంది. అందులో మన ఒళ్లే కదిలినట్టు తోచడాన్ని విడిగా వెక్షన్ అంటారు.

నేను ఎం.ఏ. సైకాలజీ చదివాను కానీ, ఈ మాట నిజంగా అర్థమైంది విశాఖ స్టేషన్‌లోనే. హౌరా నుంచి చెన్నై వైపు పోయే చాలా బళ్లకు ఇక్కడ ఇంజిన్ రెండో కొసకు తగిలిస్తారు, వచ్చిన వైపుకే తిరిగి బయల్దేరతాయి. అందుకని ఎక్కువసేపు ఆగుతాయి. ఒకసారి నాన్న నీళ్ల సీసా కోసం దిగారు. పక్క లైన్లో బండి మెల్లగా కదిలింది. "బండి కదిలిపోయిందే, నాన్న ఎక్కలేదు!" అంటూ అమ్మ తలుపు దగ్గరికి పరిగెత్తింది. నాకూ కదులుతున్నట్టే ఉంది. రెండో వైపు కిటికీలోంచి ప్లాట్‌ఫామ్ మీద టీ కొట్టు ఉన్నచోటే ఉండటం చూశాకే టెన్షన్ తగ్గింది.

లోపలి చెవికి తెలిసేది వేగంలో మార్పు మాత్రమే. ఒకే వేగంతో పోతున్నామా, ఆగి ఉన్నామా అన్నది దానికి తెలియదు. బండి మరీ మెల్లగా బయల్దేరితే ఆ మార్పు కూడా అందదు. అప్పుడు మెదడు కంటి మాటే నమ్ముతుంది. చుట్టూ ఉన్న పెద్దది కదలదు అనుకోవడం దానికి అలవాటు. 1929లో కార్ల్ డుంకర్ అనే సైకాలజిస్టు చీకట్లో ఒక చుక్కను కదపకుండా, దాని చుట్టూ ఉన్న చట్రాన్ని జరిపితే, చూసేవాళ్లకు చుక్కే కదిలినట్టు కనిపించింది. మబ్బుల్లో చందమామ పరిగెత్తడమూ ఇదే.

బొర్రా దగ్గర కటికి జలపాతాన్ని ఒక నిమిషం తదేకంగా చూసి, పక్కనున్న రాయి మీదకు చూపు తిప్పండి. రాయి పైకి పాకుతున్నట్టుంటుంది. అది చలన అనంతర ప్రభావం.

2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేని రాత్రి, మేడ మీద నుంచి దూరంగా ఒకే ఒక్క దీపం కనిపించింది. అది జరుగుతోందని పక్కింటి పిన్నిగారు అన్నారు, కాసేపటికి మా అందరికీ అలాగే కనిపించింది. తెల్లారి చూస్తే అక్కడున్నది కదలని స్తంభం. దాన్ని ఆటోకైనెటిక్ ఎఫెక్ట్ అంటారు. ఇందులో ఒకరి అంచనా ఇంకొకరి అంచనాను లాగుతుందని ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు 1935లో చూపించాడు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన పదం చేంజ్ బ్లైండ్‌నెస్, అంటే కళ్లెదుట జరిగిన మార్పునే గమనించకపోవడం. ప్రయోగాల్లో ఇది క్షణాల వ్యవహారం. నెలల తరబడి ఇంట్లో జరిగేదానికి ఆ మాట వాడటం నా సొంత పోలికే. నాన్న నడక మారింది, రోజూ చూసే మాకెవరికీ తెలియలేదు. ఆరు నెలల తర్వాత చెల్లి వచ్చింది. స్టేషన్‌లో ఆయన ఎదురు రావడం చూస్తూనే, "అక్కా, నాన్న ఎప్పట్నుంచి ఇలా కాలు ఈడుస్తున్నారు?" అంది. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున బీచ్ రోడ్డులో ఆయన నడుస్తుంటే ఫోన్‌లో వీడియో తీస్తాను. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తాను.