యూట్యూబ్ ఆడుతుంది, పెళ్లి వీడియో ఆగుతుంది. తప్పు మీ ప్లానుది కాదు

మీ ప్రశ్న ఇదీ: ఐఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోని హాల్లో టీవీకి పంపితే పది సెకన్లకోసారి ఆగుతోంది, అదే ఫోన్ నుంచి పంపిన యూట్యూబ్ మాత్రం చక్కగా వస్తోంది, ఇంటర్నెట్ 100 ఎంబీపీఎస్, 300కి మారాలా అని.

వద్దండీ. నెలనెలా డబ్బు వదలడమే తప్ప ఆ వీడియోకి ఒరిగేదేమీ లేదు. అది ఇంటర్నెట్ మొహమే చూడదు. ఫోన్ నుంచి రూటర్‌కి, రూటర్ నుంచి టీవీకి, ఇంట్లోనే తిరుగుతుంది. యూట్యూబ్ క్యాస్ట్ చేసినప్పుడు మీ ఫోన్ చేసేది రిమోట్ పని మాత్రమే. వీడియోని టీవీయే నేరుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది. వీఎల్‌సీ లాంటి యాప్ నుంచి సొంత వీడియో పంపితే ఫోనే సర్వర్ అవుతుంది. టీవీకి అర్థంకాని ఫార్మాట్ అయితే మార్చి పంపే పని కూడా ఫోన్ మీదే పడుతుంది. అది వేడెక్కేది అందుకే.

లెక్క చూడండి. ఐఫోన్‌లో 4కే, 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ అవుతుంది, అంటే బైటుకి ఎనిమిది బిట్ల లెక్కన సెకనుకు 53 మెగాబిట్లు. ఓటీటీ వాళ్ల 4కే సినిమాకి 15 నుంచి 25 సరిపోతాయి. ఇప్పుడు టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉందనుకోండి. ఒక్క యాంటెన్నా టీవీకి లింకు వేగం 72 అని చూపిస్తుంది, చేతికొచ్చేది దాదాపు సగం. ఫోన్ కూడా అదే బ్యాండ్‌లో ఉంటే వీడియోలోని ప్రతి డేటా ముక్కా గాల్లో రెండుసార్లు ప్రయాణించాలి: ఒకసారి రూటర్‌కి, ఒకసారి టీవీకి. అక్కడ మళ్లీ సగం. 53 కావలసిన చోట 18 వస్తే ఆగక ఏం చేస్తుంది?

అనుమానముంటే ఫోన్ కెమెరాని 1080పీ, 30 ఫ్రేములకి మార్చి ఒక నిమిషం తీసి పంపండి. అది నిమిషానికి 60 ఎంబీ, సెకనుకు 8 మెగాబిట్లే. ఇది ఆగకుండా ఆడితే జబ్బు చాలావరకు ఇంట్లో వైఫైదే.

అసలు మందు: రూటర్ నుంచి టీవీకి లాన్ వైరు. క్యాట్ 5ఈ రకం వైరు చాలు. చాలా టీవీల్లో లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, అయినా 53 హాయిగా పడుతుంది. టీవీ వైరులో, ఫోన్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనిపించవేమోనని భయపడనక్కర్లేదు, ఒకే రూటర్ అయితే కనిపిస్తాయి. చిక్కల్లా రెండు డబ్బాలున్న ఇళ్లలో. ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బాకి టీవీని, మీరు కొన్న రూటర్‌కి ఫోన్‌ని కలిపితే అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. కొన్న రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అప్పుడది సొంత నెట్‌వర్కు పెట్టకుండా మొదటి డబ్బా నెట్‌వర్కునే వైఫైలో అందిస్తుంది.

వైరు చివర ప్లగ్గు నొక్కించి బిగిస్తే (క్రింప్ చేయిస్తే) రంగుల వరస గమనించండి. 3, 6 పిన్నులకు వెళ్లే రెండు తీగలూ వైరు లోపల ఒకదానితో ఒకటి మెలేసి ఉన్న ఒకే జతలోవి కావాలి: తెలుపు-పచ్చ, పచ్చ. కొందరు జతలన్నీ వరసగా కూర్చి నొక్కేస్తారు. లైటు వెలుగుతుంది, పొడవు పెరిగితే మాత్రం లింకు ఊగిసలాడుతుంది. అప్పుడు టీవీని తిట్టుకుంటాం.

అద్దె ఇల్లు, వైరు లాగనివ్వరంటారా, అప్పుడు 5 గిగాహెర్ట్జ్. రూటర్‌లో రెండు బ్యాండ్లకూ వేరే పేర్లు పెట్టి, టీవీనీ ఫోన్‌నీ 5 గిగాహెర్ట్జ్ పేరుకే కలపండి. ఛానల్ 36 నుంచి 48 లోపు, వెడల్పు 80 మెగాహెర్ట్జ్. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానళ్లు. రాడార్ సిగ్నల్ అనిపిస్తే రూటర్ అక్కడినుంచి దిగిపోవాలి, నడుస్తున్న వీడియో తెగుతుంది. 5 గిగాహెర్ట్జ్ గోడల్ని అంతగా దాటలేదు, ఇనుప బీరువానైతే అసలే దాటదు. రూటర్‌ని అటక మీదో, బీరువా వెనకో దాచి సిగ్నల్ రావట్లేదంటే ఎలా? టీవీ వెనక గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ వాడుతుంటే దాంతో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ తగిలించి, టీవీ లోహపు వీపు నుంచి పక్కకి తీయండి. పవర్ టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొద్దు. పాత యూఎస్‌బీ పోర్టు 500 మిల్లీఆంపులే ఇస్తుంది, స్టిక్ మధ్యలో రీస్టార్ట్ అవుతుంది.

షాపులో అంటగట్టే వైఫై బూస్టర్ జోలికి మాత్రం వెళ్లకండి. ఒకే బ్యాండ్ మీద పనిచేసే చవక రకం, విన్నదాన్నే అదే ఛానల్లో మళ్లీ చెబుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, వేగం ఇంకో సగం పోతుంది.

ఇక ఆండ్రాయిడ్ ఫోన్లలో స్క్రీన్ మిర్రరింగ్. ఫోటోలు చూపించడానికి సరే, సినిమాకి దండగ. ఫోన్ తెర మొత్తాన్ని అప్పటికప్పుడు కుదించి పంపుతుంది కాబట్టి నాణ్యత పోతుంది, మాట పెదవుల వెనక పడుతుంది. పైగా నెట్‌ఫ్లిక్స్ లాంటివి నల్ల తెర చూపిస్తాయి, అది కాపీ రక్షణ, బాగుచేసేది కాదు. తప్పదంటే ఫోన్‌ని కూడా 5 గిగాహెర్ట్జ్ వైఫైలోనే ఉంచండి. లేకపోతే మిరాకాస్ట్ (ఫోన్ తెరని వైఫైలో నేరుగా టీవీకి పంపే పద్ధతి) కోసం ఒకే రేడియో రెండు ఛానళ్ల మధ్య గెంతుతూ ఉంటుంది. పిక్సెల్ ఫోన్లలో మిరాకాస్ట్ లేదు, వెతకొద్దు.

టీవీ పేరే ఫోన్‌లో కనబడకపోతే వీపీఎన్ ఆపండి, గెస్ట్ వైఫై నుంచి బయటికి రండి, రూటర్‌లో ఏపీ ఐసొలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా చేసే సెట్టింగ్) తీసేయండి. ఐఫోన్‌లో ఆ యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఉందో లేదో చూడండి.

ఈ ఆదివారమే చుట్టాలొస్తున్నారంటే ఇవేవీ పెట్టుకోకండి, వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చండి. 4కే, 60 ఫ్రేములదైతే పదకొండు నిమిషాలకే ఫైలు 4 జీబీ దాటుతుంది, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే దాన్ని తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, టీవీ అది చదవకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో.