వైరస్ చికిత్స కోసం రేడియేషన్ వాయిదా వేయొద్దండి

మీ నాన్నగారి ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ చెప్పారని, ఈలోగా వైరస్ ఇంజెక్షన్ గురించి చదివారని, అది వచ్చేదాకా ఆగవచ్చా అని అడిగారు. ఆగొద్దండి. నేను ఆగాను కాబట్టి చెప్తున్నాను.

నాకు బయాప్సీలో గ్లీసన్ (క్యాన్సర్ ఎంత ఉద్ధృతంగా ఉందో చెప్పే స్కోరు) 7 వచ్చింది, పీఎస్ఏ (ప్రొస్టేట్ నుంచి వచ్చే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్ష) 14. రేడియేషన్, దాంతోపాటు ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్లు అన్నారు. భయమేసింది. రాత్రుళ్లు చదువుతూ కూర్చుంటే ఈ వైరస్ సంగతి కనిపించింది. ఇక రేడియేషన్ బాధ ఉండదనుకుని పది వారాలు డాక్టరు దగ్గరికే వెళ్లలేదు. తర్వాత పరీక్ష చేయిస్తే పీఎస్ఏ 17. ఆ రోజు మా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

అప్పుడు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఇది మామూలు జలుబు తెచ్చే అడినోవైరస్. ఒంట్లో పెరగకుండా దాని జన్యువులు కొన్ని తీసేసి, హెర్పిస్ వైరస్‌లోని ఒక ఎంజైమ్ జన్యువును అందులో పెడతారు. ప్రొస్టేట్‌లోకే నేరుగా ఇంజెక్షన్, మొత్తం మూడుసార్లు. ఒక్కోసారి ఇచ్చాక కొన్ని రోజులు వాలాసైక్లోవిర్ మాత్రలు. హెర్పిస్‌కు వాడే మాత్రలే అవి. వైరస్ దూరిన కణాల్లో ఆ ఎంజైమ్ ఈ మందును విషంగా మారుస్తుంది. విభజన చెందుతున్న కణం తన డీఎన్ఏను కాపీ చేసుకోలేక చచ్చిపోతుంది, పక్క కణాలకూ ఆ విషం పాకుతుంది. చచ్చిన కణాల ముక్కలను చూసి రోగనిరోధక వ్యవస్థ కూడా మేలుకుంటుంది. రేడియేషన్ చేసేదీ డీఎన్ఏను తెంచడమే కనుక రెండూ కలిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది.

నేను గమనించకుండా వదిలేసిన ముక్క ఇదే. ఈ వైరస్‌ను పరీక్షించడానికి 745 మందితో జరిగిన మూడో దశ ట్రయల్‌లో (ఎక్కువమంది రోగులపై చేసే పరీక్ష) అందరికీ రేడియేషన్ ఇచ్చారు. వైరస్ దానికి తోడు మాత్రమే. 2024 డిసెంబరులో వచ్చిన ఫలితాల ప్రకారం, క్యాన్సర్ తిరగబెట్టడం లేదా మరణించడం అనే ముప్పు వైరస్ తీసుకున్నవారిలో 30 శాతం తగ్గింది. రెండేళ్ల తర్వాతి బయాప్సీల్లో వాళ్లలో దాదాపు 80 శాతం మందికి క్యాన్సర్ కణాలు కనిపించలేదు, మిగతావాళ్లలో 64 శాతం. జ్వరం, చలి లాంటివి వచ్చాయి. చాలా మంచి ఫలితమే, కానీ ఆయుష్షు పెరిగిందని అది చెప్పడం లేదు. ట్రయల్‌లో ఉన్నవాళ్లందరూ ప్రొస్టేట్ గ్రంథి దాటి పాకని క్యాన్సర్ ఉన్నవాళ్లు. ఎముకలకు పాకినవారికి ఇది వర్తించదు.

ఇంకో మాట కూడా డాక్టరే చెప్పారు. మశూచి టీకా వైరస్‌తో చేసిన ప్రోస్ట్‌వాక్ అనే క్యాన్సర్ టీకా మీద కూడా ఒకప్పుడు ఇంతే ఆశ ఉండేదట. పాకిన క్యాన్సర్ ఉన్న 1297 మందితో చేసిన మూడో దశలో ప్రయోజనం కనిపించక 2017లో ఆపేశారు.

ట్రయల్ ఏదైనా ఉందా అని అడగాలనుకుంటే ఈ వారమే అడగండి. వైరస్ ఇంజెక్షన్ రేడియేషన్‌కు ముందే మొదలవుతుంది, మధ్యలో చేరడం కుదరదు. లేదంటే, చెప్పిన తేదీకే రేడియేషన్ మొదలుపెట్టించండి.

నాకు రేడియేషన్ పూర్తయి ఎనిమిది నెలలైంది. మొన్నటి పీఎస్ఏ 0.3. పరీక్షకు ముందురోజు టెన్షన్ మాత్రం పోలేదు. మీ నాన్నగారు రేడియేషన్‌లో దేనికి భయపడుతున్నారో అడిగి రాయండి, నాకు ఎలా జరిగిందో చెప్తాను.