అమ్మలూ, ముందు నేరం జరిగిన తేదీ చూడు

అమ్మలూ,

లాయరుగా ఎన్‌రోల్‌మెంట్ అయిపోయిందని, క్రిమినల్ సైడే చేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కాలేజీలో ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) చదివి వచ్చాక కోర్టులో దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) నడుస్తోందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఒకటి తెలుసుకో. ఐపీసీ ఇంకా ఎక్కడికీ పోలేదు. కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలన్నిటికీ అదే చట్టం, ఆ కేసులు ఇంకా ఏళ్ల తరబడి సెషన్స్ కోర్టుల్లోనూ హైకోర్టు అప్పీళ్లలోనూ నడుస్తూనే ఉంటాయి, కాబట్టి నీ ప్రాక్టీసులో చాలాకాలం రెండు చట్టాలతోనూ కాపురం చేయక తప్పదు. పాత పుస్తకాలు ఎవరికీ ఇచ్చేయకు.

కేసు కట్ట చేతికి రాగానే అందరూ ఎఫ్‌ఐఆర్‌లో రెండో కాలమ్ చూస్తారు, సెక్షన్లు అక్కడుంటాయి కాబట్టి. నువ్వు మూడో కాలమ్ దగ్గర ఆగు. నేరం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జరిగిందో అక్కడుంటుంది, స్టేషన్‌కి సమాచారం ఎప్పుడు అందిందో దాని కిందే ఉంటుంది. శిక్ష ఏ చట్టం కింద అన్నది నేరం జరిగిన తేదీని బట్టి, దర్యాప్తు ఏ పద్ధతిలో అన్నది సమాచారం అందిన తేదీని బట్టి. ఉదాహరణకి 2024 జూన్ 30 రాత్రి పదకొండింటికి లారీ గుద్ది ఒకాయన అక్కడికక్కడే చనిపోయాడనుకో, ఫిర్యాదు మర్నాడు పొద్దున ఇచ్చారనుకో. ఆ డ్రైవర్ మీద ఐపీసీ 304ఎ పడాలి, రెండేళ్ల వరకు శిక్ష. అదే ప్రమాదం అర్ధరాత్రి దాటాక జరిగితే బీఎన్‌ఎస్ 106(1), ఐదేళ్ల వరకు. జరిగిన రోజున లేని శిక్ష తర్వాత వేయకూడదని రాజ్యాంగం 20(1)లో రాసుంది. కానీ ఎఫ్‌ఐఆర్ జూలై 1న కట్టారు కాబట్టి దర్యాప్తు మాత్రం కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (పాత పద్ధతి చట్టం సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం నడుస్తుంది. ఒకే కేసులో నేరం పాత చట్టంది, పద్ధతి కొత్త చట్టంది. సెక్షన్ తప్పు పడిందనిపిస్తే రిమాండ్ రోజే లేవనెత్తు, చార్జిషీట్ దాకా ఆగకు.

డ్రైవర్లు నీ దగ్గరికి వచ్చి పదేళ్ల జైలంట కదా అని భయపడతారు. అది 106(2), గుద్ది చెప్పకుండా పారిపోతే పడే శిక్ష. 2024 జనవరిలో దానిమీదే లారీలవాళ్లు సమ్మె చేశారు, హైదరాబాద్‌లో జనం పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. మిగతా చట్టంతో పాటు ఆ ఉపసెక్షన్‌ని అమల్లోకి తేలేదు. ఆ సంగతి చెప్పి ధైర్యం ఇవ్వు, అయితే కోర్టుకి వెళ్లే ముందు ప్రతిసారీ నోటిఫికేషన్ చూసుకో.

కష్టమంతా సాగుతూ వచ్చిన నేరాల్లో ఉంది. 2022లో పెళ్లయిన అమ్మాయి నీ దగ్గరికి వచ్చి 2025 దాకా కట్నం కోసం వేధించారంటే, అందులో కొంత ఐపీసీ 498ఎ, కొంత బీఎన్‌ఎస్ 85. ఆ అమ్మాయికి తేదీలు గుర్తుండవు. సంక్రాంతికి పుట్టింటికి తరిమారు, పాప బారసాల రోజు అత్తగారు గొలుసు లాక్కుంది, ఇలా చెబుతుంది. తొందరపెట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని, క్యాలెండర్ తీసి ఒక్కో సంఘటనకి తేదీ వేసుకుంటూ ఫిర్యాదు రాయి. ఆ పని అక్కడ సరిగ్గా జరగకపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ పిల్లే నలిగిపోతుంది.

పాత, కొత్త సెక్షన్ నంబర్ల పట్టిక గోడకి అంటించుకో గానీ దాన్నే నమ్ముకోకు. హత్య 302 నుంచి 103కి వచ్చింది, ఇప్పుడు 302 అంటే మాటలతో, సైగలతో మతభావాల్ని గాయపరచడం. సీఆర్పీసీలో 482 కింద క్వాష్ (కేసు కొట్టేయమనే పిటిషన్) వేసేవాళ్లం, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 ముందస్తు బెయిలు, క్వాష్‌కి 528. పాత 144 నిషేధాజ్ఞలు, కొత్త 144 భార్యాపిల్లల మనోవర్తి. అందుకని పిటిషన్‌లో నంబరు పక్కన చట్టం పేరు రాయకుండా ఎప్పుడూ వదలకు. బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేని చట్టం ప్రతిలో) సెక్షన్ మొత్తం చదువు, ప్రొవైజోతో (చివర ఉండే మినహాయింపుతో) సహా. బీఎన్‌ఎస్‌లో దొంగతనం సెక్షన్ 303(2) చివర చూడు, ఐదువేల లోపు సొత్తు, మొదటిసారి నేరం, సొత్తు తిరిగిచ్చేస్తే శిక్ష సమాజసేవ. ఆ నాలుగు లైన్లు చదవని వకీలు వల్ల ఒక కుర్రాడు జైలుకి పోతాడు.

ఇంకో మాట, పాత తీర్పులు పనికిరావనుకోకు. ఐపీసీకి 1837లో మెకాలే కమిషన్ ముసాయిదా రాస్తే 1860లో చట్టమై 1862 నుంచి అమలైంది, అందులో హత్యకి ఉన్న నిర్వచనమే ఇంచుమించు అక్షరం మారకుండా బీఎన్‌ఎస్ 101లో ఉంది. 511 సెక్షన్లు 358 అయ్యాయి గానీ చాలావరకు మాటలు అవే. నాకు నచ్చనిది కూడా చెబుతాను. వలసకాలపు చట్టం తీసేస్తున్నామన్నప్పుడు, పద్దెనిమిది దాటిన భార్యని భర్త బలవంతం చేస్తే అత్యాచారం కాదనే మినహాయింపు ముందు పోవాల్సింది. అది బీఎన్‌ఎస్ 63లో అలాగే ఉంది. నీ తరమైనా దాని మీద పోరాడాలి.

సాక్ష్యాల విషయంలో చాలా మారింది. సోదా, స్వాధీనం వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 అంటోంది. మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా) ఒక్కటే చదివి ఊరుకోకు, వీడియో ఏదని అడుగు, మేజిస్ట్రేటుకి ఎప్పుడు పంపారో అడుగు, టైము రిపోర్టులో రాసిన టైముతో కలుస్తోందో చూడు. నీవైపు నుంచి ఫోన్ రికార్డింగులూ వాట్సాప్ మెసేజులూ పెట్టాలంటే కొత్త సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 63 సర్టిఫికెట్ రెండు భాగాలూ నింపాలి, ఒకటి నీ క్లయింటు, రెండోది నిపుణుడు, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్‌తో) సహా.

అన్నిటికంటే ముఖ్యమైంది బీఎన్‌ఎస్‌ఎస్ 479. ఇదివరకు ఏ కేసులోనూ శిక్ష పడని మనిషి, గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగా గడిపేస్తే బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం ఉన్న నేరాలకి వర్తించదు, ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. ఇది మాత్రం పాత తేదీ కేసులకీ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే అయినా నువ్వు ఎదురుచూడకు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్లో పేరు ఇచ్చి సబ్‌జైలుకి వెళ్లు. ఒక్కొక్కరి సెక్షన్, లోపలికి వచ్చిన తేదీ, గరిష్ఠ శిక్ష రాసుకుని లెక్క కట్టు. మూడో వంతు దాటినవాళ్లు ఎవరు కనిపించినా పిటిషన్ మర్నాడే పడాలి. మీ సీనియర్‌తో నేను మాట్లాడతాను, ఆ రోజు నిన్ను వేరే వాయిదాలకి పంపొద్దని.

మీ మామయ్య